గీతలు వంకరగా కనిపిస్తే పండగ దాకా ఆగొద్దు

ప్రశ్న: మా నాన్నగారికి 71 ఏళ్లు. తెనాలి దగ్గర పల్లెలో ఉంటారు. రెండు కళ్లకీ శుక్లాల ఆపరేషన్ అయి రెండేళ్లయింది. ఆ తర్వాత చూపు బాగానే ఉండేది. రెండు వారాల కిందట పేపరు చదువుతుంటే కుడి కంటికి అక్షరాల మధ్య మసక మచ్చ అడ్డొస్తోందన్నారు. ద్వారబంధం కూడా మధ్యలో వంగినట్టు కనిపిస్తోందట. రెటీనా డాక్టరుకి చూపిస్తే స్కాన్ తీసి, మాక్యులా దెబ్బతింది, ఇది 'వెట్ ఏఎండీ' (వయసు వల్ల మాక్యులా దెబ్బతినే జబ్బులో ఒక రకం) అన్నారు. నెలకొకటి చొప్పున కంట్లో మూడు ఇంజెక్షన్లు వేయాలట, ఆ తర్వాత కూడా అవసరం పడొచ్చట. నాన్నగారికి కంట్లో సూది అంటే భయం. ఎడమ కన్ను బాగానే ఉంది కదా, సంక్రాంతి వెళ్లాక చూద్దాం అంటున్నారు. ఆకుపసరు చుక్కలతో తగ్గుతుందని తెలిసినవాళ్లు చెబుతున్నారు. ఆయనకి బీపీ ఉంది, షుగరు లేదు. నలభై ఏళ్లుగా చుట్ట అలవాటు. శుక్లాల ఆపరేషన్ వల్లే ఇలా అయిందా? మాత్రలతో తగ్గదా? ఇంజెక్షన్లు ఎన్నాళ్లు వేయించాలి? చూపు మొత్తం పోతుందా? నాకూ మా తమ్ముడికీ కూడా వస్తుందా?
ఒక పాఠకురాలు, గుంటూరు జిల్లా

జవాబు: మీ ఉత్తరంలో మాకు కంగారు పుట్టించిన మాట 'సంక్రాంతి వెళ్లాక చూద్దాం' అన్నది. ఈ జబ్బుకి వారాలే లెక్క. డాక్టరు మొదటి ఇంజెక్షన్‌కి ఏ తేదీ ఇస్తే ఆ తేదీకి తీసుకెళ్లండి, వీలైతే ఈ వారంలోనే వేయమని అడగండి. వైద్యం మొదలయ్యేనాటికి ఎంత చూపు మిగిలి ఉందనే దాని మీదే చివరికి ఎంత నిలుస్తుందన్నది చాలావరకు ఆధారపడుతుంది. ఇప్పుడు పేపర్లో హెడ్డింగులైనా చదవగలుగుతున్న కన్ను రెండు నెలలు ఆగితే అది కూడా చదవలేకపోవచ్చు. అప్పటికి లోపల మచ్చ కట్టేస్తే ఇవే ఇంజెక్షన్లు ఎన్ని వేసినా పోయిన చూపు రాదు. మీ మిగతా ప్రశ్నలన్నిటికీ కింద వివరంగా రాశాం, కానీ అవన్నీ తేలేదాకా ఇంజెక్షన్ ఆపకండి.

కంటి వెనక గోడకి లోపలివైపు పరుచుకుని ఉండే పల్చటి పొర రెటీనా. దాని నడిమధ్యన అయిదున్నర మిల్లీమీటర్ల మేర ఉండే చోటు మాక్యులా. చదవడం, సూదిలో దారం ఎక్కించడం, ఎదురుగా వస్తున్నది ఎవరో గుర్తుపట్టడం, రంగుల తేడా తెలియడం, ఇవన్నీ ఆ కాస్త చోటు మీదే నడుస్తాయి. చుట్టూ ఉన్న మిగతా రెటీనా పక్కచూపుకి పనికొస్తుంది. మాక్యులాలోని చూపు కణాల అడుగున ఒంటి వరసలో ఇంకో రకం కణాలుంటాయి. వాటిని ఆర్‌పీఈ అంటారు. చూపు కణాలకి పోషణ అందించడం, అవి రోజూ విడిచే వ్యర్థాన్ని శుభ్రం చేయడం వీటి పని. వయసు మీదపడేకొద్దీ ఆ శుభ్రం చేసే శక్తి తగ్గి, వ్యర్థం పసుపు రంగు చుక్కలుగా పేరుకుంటుంది. ఇవే డ్రూసెన్. చిన్న చిన్న డ్రూసెన్ యాభై దాటిన చాలామందికి ఉంటాయి, వాటితో ఇబ్బంది లేదు. ఒక్కోటి 125 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో ఎనిమిదో వంతు దాటిందంటే జబ్బు మధ్య దశకి వచ్చినట్టు లెక్క.

అక్కడి నుంచి రెండు దారులు. ఎక్కువమందిలో ఆర్‌పీఈ కణాలు, వాటితోపాటు చూపు కణాలు ఏళ్ల తరబడి మెల్లగా చచ్చిపోతాయి. అది డ్రై రకం. పదిమందిలో ఒకరిద్దరికి మాత్రం రెటీనా అడుగున ఉన్న రక్తనాళాల పొర నుంచి కొత్త నాళాలు పుట్టి, మధ్యనున్న పొరని చీల్చుకుని పైకొస్తాయి. ఇవి గట్టి నాళాలు కావు. నీరు కారుస్తాయి, ఒక్కోసారి రక్తం కూడా. అది వెట్ రకం, మీ నాన్నగారికి వచ్చింది ఇదే. చెమ్మ దిగిన గోడ మీద సున్నం ఉబ్బితే దాని మీది గీత వంకరపోయినట్టు, నీరు చేరిన చోట రెటీనా ఉబ్బి ద్వారబంధం వంగినట్టు కనిపిస్తుంది. మధ్యలోని మసక మచ్చ ఆ నీరో రక్తమో పేరుకున్న చోటు. నీరు ఎక్కువ రోజులు నిలిస్తే పైనున్న చూపు కణాలు చచ్చిపోతాయి, చివరికి అక్కడ మచ్చ కణజాలం కడుతుంది. పండగ దాకా ఆగొద్దని చెప్పడానికి కారణం ఇదే.

శుక్లాల ఆపరేషన్ వల్ల ఇది రాలేదు. రెండూ అదే వయసులో పలకరించే జబ్బులు కాబట్టి ఒకదాని వెనక ఒకటి వచ్చి, మొదటిది రెండోదానికి కారణం అనిపిస్తుంది. పెద్ద అధ్యయనాల్లో ఈ రెండింటికీ స్పష్టమైన సంబంధం కనిపించలేదు. టీవీ చూడటం, చదవడం, సెల్‌ఫోన్ వల్ల కూడా ఇది రాదు. దీనికి అసలు కారణాలు మూడు: వయసు, వంశం, పొగ. వంశం సంగతి చివర్లో చెబుతాం. పొగ తాగేవాళ్లకి ఈ జబ్బు ముప్పు తాగనివాళ్లతో పోలిస్తే రెండు నుంచి నాలుగు రెట్లు. చుట్ట అయినా, బీడీ అయినా, సిగరెట్టయినా పొగ పొగే. డెబ్భై ఒక్క ఏళ్లొచ్చాక ఇప్పుడు మానేసి ఏం లాభం అని ఆయన అనొచ్చు. లాభం ఎడమ కంటికి. ఒక కంట్లో వెట్ రకం వచ్చినవాళ్లకి రెండో కంట్లో వచ్చే అవకాశం మామూలు వాళ్లకంటే చాలా ఎక్కువ. పొగ మానిన దగ్గర్నుంచి ఏళ్లు గడిచేకొద్దీ ఆ ముప్పు తగ్గుతూ వస్తుంది. బీపీని కూడా అదుపులో ఉంచండి. మనం చేతులారా తగ్గించగలిగినవి ఈ రెండే.

డాక్టరుని తప్పకుండా అడగాల్సిన మాట ఒకటుంది: ఇది మామూలు వెట్ ఏఎండీయా, పీసీవీయా? రక్తనాళాల చివర్లు చిన్న చిన్న బుడిపెల్లా ఉబ్బే రకాన్ని పీసీవీ అంటారు. తెల్లజాతీయుల కంటే మనలాంటి ఆసియా వాళ్లలో ఇది ఎక్కువ. దీంట్లో ఉన్నట్టుండి పెద్దగా రక్తం చిమ్మే అవకాశం ఉంటుంది. రెటీనా పొరల్ని చూపించే మామూలు ఓసీటీ స్కాన్‌లో అనుమానం వస్తే, ఐసీజీ అనే ఆకుపచ్చ రంగు మందు చేతి నరానికి ఎక్కించి ఫొటోలు తీసి తేల్చుకుంటారు. పీసీవీ అని తేలితే ఇంజెక్షన్లకి తోడు పీడీటీ అనే చల్లటి లేజర్ చికిత్స అవసరం పడొచ్చు. ఆ చికిత్స చేయించుకుంటే అయిదు రోజులు ఎండ తగలకుండా, నిండా బట్టలతో, నల్లద్దాలతో ఉండాలి. మూడు ఇంజెక్షన్లు అయినా నీరు సరిగ్గా తగ్గకపోతే ఈ ప్రశ్న మళ్లీ వేయండి.

ఇక సూది భయం. ఏం చేస్తారో ఉన్నదున్నట్టు రాస్తున్నాం, మీ నాన్నగారికి చదివి వినిపించండి. ముందు బీపీ చూస్తారు. కంట్లో తిమ్మిరి చుక్కలు కొన్ని నిమిషాల తేడాతో రెండు మూడు సార్లు వేస్తారు. రెప్పల చుట్టూ, కంటి లోపలా పొవిడోన్ అయోడిన్ ద్రావణంతో శుభ్రం చేస్తారు. కంట్లో వేసేది 5 శాతం బలం ఉన్నది, కాస్త మండుతుంది. ఇన్‌ఫెక్షన్ రాకుండా కాపాడేది అన్నిటికంటే ఎక్కువగా ఇదే, అందుకని మంటగా ఉన్నా వద్దనకూడదు. ముఖం మీద మధ్యలో కన్నం ఉన్న గుడ్డ పరిచి, రెప్పలు మూతపడకుండా చిన్న క్లిప్ పెడతారు. పైకో పక్కకో చూడమంటారు, కాబట్టి సూది ఎదురుగా రావడం కనిపించదు. శుక్లాల ఆపరేషన్ అయిన కంటికి నల్లగుడ్డు అంచు నుంచి మూడున్నర మిల్లీమీటర్లు, సొంత కటకం ఉన్న కంటికి నాలుగు మిల్లీమీటర్లు కొలిచి, తెల్లగుడ్డు మీదుగా వేస్తారు. అక్కడైతే లోపల కటకానికీ రెటీనాకీ సూది తగలదు. సూది 30 గేజ్, అంటే ఇన్సులిన్ సూదంత సన్నం. మందు 0.05 మిల్లీలీటరు, అంటే ఒక్క చుక్క. సూది లోపల ఉండేది కొన్ని క్షణాలే. చాలామంది ఏదో నొక్కినట్టు అనిపించిందంటారు, అంతకంటే నొప్పి ఉండదు. ముందూ వెనకా కలిపి గంటా గంటన్నరలో ఇంటికొచ్చేయొచ్చు. బండి మాత్రం ఆయన నడపకూడదు, ఎవరో ఒకరు తోడు వెళ్లండి.

వెళ్లేముందు డాక్టరుకి చెప్పాల్సినవి కొన్ని ఉన్నాయి. గత మూడు నెలల్లో గుండెపోటు గానీ పక్షవాతం గానీ వస్తే చెప్పాలి. రెప్ప మీద కురుపు లేచినా, కన్ను ఎర్రబడి పుసి కడుతున్నా చెప్పాలి, అది తగ్గాకే సూది వేస్తారు. అయోడిన్ పడదని అనుమానం ఉంటే చెప్పాలి. రక్తం పల్చబడే మాత్రలు వేసుకుంటుంటే సాధారణంగా ఈ ఇంజెక్షన్ కోసం ఆపనక్కర్లేదు. మీ అంతట మీరు ఆపితే గుండెకి ముప్పు.

ఇంజెక్షన్ వేసిన సాయంత్రం కన్ను నలక పడినట్టు గరగరలాడుతుంది, అది అయోడిన్ ప్రభావం. తెల్లగుడ్డు మీద ఎర్రటి రక్తపు మరక కనిపించొచ్చు. చూడటానికి భయంగా ఉన్నా అది పైపొర కింద చేరిన రక్తమే, వారం పది రోజుల్లో దానంతటదే పోతుంది. గుండ్రటి నల్ల బుడగలు ఒకటి రెండు తేలుతున్నట్టు కనిపిస్తే అవి మందుతో వెళ్లిన గాలి బుడగలు, ఒకటి రెండు రోజుల్లో కరిగిపోతాయి. రెండు మూడు రోజులు కంటి మీద నీళ్లు కొట్టుకోవడం, తలస్నానం, పొలం దుమ్ములోకి వెళ్లడం, కన్ను నలపడం మానాలి.

భయపడాల్సింది వేరే ఉంది. ఇంజెక్షన్ తర్వాత, ముఖ్యంగా రెండో రోజు నుంచి అయిదో రోజు లోపు, నొప్పి తగ్గకుండా పెరుగుతుంటే, ఎరుపు పెరుగుతుంటే, వెలుతురు చూడలేకపోతుంటే, చూపు ముందు రోజు కంటే మసకబారితే అది కంటి లోపలి ఇన్‌ఫెక్షన్ కావచ్చు. రెండు మూడు వేల ఇంజెక్షన్లలో ఒకదానికి ఇలా అవుతుంది. అరుదే గానీ గంటల్లో చూపు పోగొట్టగలదు. రాత్రయినా ఆదివారమైనా ఆసుపత్రికి ఫోన్ చేసి బయల్దేరాలి, కంట్లోకి యాంటీబయాటిక్ ఇవ్వాల్సి ఉంటుంది. మెరుపులు మెరిసినట్టు ఉండి, ఓ పక్క నుంచి పరదా దిగినట్టు కనిపించినా అంతే తొందర, అది రెటీనా ఊడటం కావచ్చు. మొదటి ఇంజెక్షన్ రోజే ఆసుపత్రి అత్యవసర నంబరు రాయించుకుని ఇంట్లో అందరికీ తెలిసేలా గోడకి అంటించండి.

ఇందాక చెప్పిన పిచ్చి నాళాలని పెంచేది కంట్లో తయారయ్యే వీఈజీఎఫ్ అనే పదార్థం. ఈ మందులన్నీ దాన్ని అడ్డుకునేవే. బెవాసిజుమాబ్ అసలు పెద్దపేగు క్యాన్సర్ కోసం 2004లో అమెరికాలో అనుమతి పొందిన మందు, కంటికి 1.25 మిల్లీగ్రాములు వాడతారు. రానిబిజుమాబ్ కంటి కోసమే చేసింది, మోతాదు అర మిల్లీగ్రాము. 2006 నుంచి వాడుకలో ఉంది. దీనికి మన దేశంలో తయారైన రజుమాబ్ అనే బయోసిమిలర్ (అసలు మందుని పోలినట్టు చేసిన మందు) 2015లో వచ్చింది, అది అసలు బ్రాండు కంటే చవక. ఆ తర్వాత అఫ్లిబర్సెప్ట్, బ్రోలుసిజుమాబ్, ఫారిసిమాబ్ వచ్చాయి. వీటితో కొందరిలో ఇంజెక్షన్‌కీ ఇంజెక్షన్‌కీ మధ్య ఎడం పెంచగలుగుతారు. బ్రోలుసిజుమాబ్ కొందరిలో కంటి లోపల వాపు, రక్తనాళాలు మూసుకుపోవడం తెచ్చింది, అందుకని మొదటి మందుగా దాన్ని వాడటానికి చాలామంది డాక్టర్లు వెనకాడతారు.

అన్నిటికంటే చవక బెవాసిజుమాబ్. చవక కాబట్టి నాసిరకం అనుకోవద్దు. 2011లో అమెరికాలో వెలువడిన క్యాట్ అధ్యయనంలో దీన్నీ రానిబిజుమాబ్‌నీ ఒకే పద్ధతిలో వేసి చూస్తే ఏడాది చివర చూపు దాదాపు సమానంగా ఉంది. దీంతో చిక్కు వేరే. ఒక పెద్ద సీసాలోని మందుని చిన్న చిన్న సిరంజిల్లోకి పంచి పదులమందికి వాడతారు. ఆ పంచడం శుభ్రమైన చోట జరగకపోతే ఒకేసారి చాలామందికి ఇన్‌ఫెక్షన్ వస్తుంది. అందుకని సిరంజిలు ఎక్కడ నింపారో, ఎప్పుడు నింపారో అడగండి, అడిగితే తప్పేం లేదు. ఏ మందయినా పేరు, బ్యాచ్ నంబరు, తేదీ, ఏ కన్ను అన్నది చీటీ మీద రాయించుకోండి. మంచి మందు ఒకటి వేయించి డబ్బుల్లేక ఆగిపోవడం కంటే, చవక మందు వేళ తప్పకుండా ఏడాది వేయించుకోవడం వెయ్యి రెట్లు మేలు. మొత్తం ఏడాదికి ఎంతవుతుందో మొదటి రోజే లెక్కేసుకుని మందు ఎంచుకోండి.

ఆరోగ్య బీమా ఉంటే పాలసీ ఓసారి చూడండి. కంట్లోకి వేసే ఇంజెక్షన్లని ఆధునిక చికిత్సల జాబితాలో చేర్చి, వాటికి బీమా వర్తించేలా చేయాలని 2019లోనే బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ కంపెనీలకి చెప్పింది. ఆసుపత్రిలో 24 గంటలు ఉండలేదు కాబట్టి ఇవ్వం అంటే ఈ జాబితా చూపించి అడగండి. కానీ కంపెనీలు దీనికి విడిగా పరిమితి పెట్టొచ్చు, ఆ అంకె పాలసీ కాగితాల్లో ఉంటుంది.

ఎన్నాళ్లు? మొదటి మూడూ నెలకొకటి. ఆ తర్వాత ఓసీటీలో నీరు లేకపోతే తర్వాతి ఇంజెక్షన్ ఆరు వారాలకి, అప్పుడూ పొడిగా ఉంటే ఎనిమిదికి, తర్వాత పదికి, పన్నెండుకి ఇలా రెండేసి వారాలు పెంచుకుంటూ పోతారు. ఎక్కడ నీరు మళ్లీ కనిపిస్తే అక్కడ రెండు వారాలు వెనక్కి తగ్గుతారు. మొదటి ఏడాది ఏడెనిమిది ఇంజెక్షన్లు పడటం మామూలే. రెండో ఏడాది తగ్గుతాయి. కొందరికి ఏళ్ల తరబడి సాగుతాయి. ఇది బీపీ లాగా అదుపులో ఉంచుకునే జబ్బు, ఒకసారి వైద్యం చేసి వదిలేసేది కాదు.

చాలా ఇళ్లలో తప్పు జరిగేది సరిగ్గా ఇక్కడే. మూడు ఇంజెక్షన్లు అయ్యాక పేపరు మళ్లీ చదవగలుగుతారు. బాగైంది కదా, మళ్లీ తేడా వస్తే వెళ్దాం అనుకుంటారు. మందు ప్రభావం నెలా రెండు నెలల్లో తగ్గిపోయి నీరు మళ్లీ చేరుతుంది. చేరుతున్నప్పుడు మొదట్లో ఏమీ తెలియదు. తెలిసేసరికి కొన్ని కణాలు పోయి ఉంటాయి. ఇలా రెండు మూడు సార్లు జరిగితే కంటిలో మచ్చ కట్టేస్తుంది. చూపు బాగున్నా తేదీకి వెళ్లడమే వైద్యం. రానిబిజుమాబ్ మీద 2006లో వెలువడిన మరీనా అధ్యయనంలో నెలనెలా తప్పకుండా వేయించుకున్నవాళ్లలో నూటికి 95 మందికి చూపు పెద్దగా తగ్గలేదు, మూడో వంతు మందికి అక్షరాల బోర్డు మీద మూడు వరసలు మెరుగైంది. వేయించుకోనివాళ్లలో నిలిచింది నూటికి 62 మందికే. ఈ ఫలితాలు తేదీ తప్పనివాళ్లవి.

మాత్రల గురించి. వెట్ రకాన్ని తగ్గించే మాత్ర ఏదీ లేదు. మందుల షాపుల్లో 'కంటి విటమిన్' పేరుతో దొరికేవాటికి ఆధారం ఏఆర్‌ఈడీఎస్ అనే అమెరికా ప్రభుత్వ అధ్యయనాలు. 2013లో వచ్చిన రెండో అధ్యయనం ప్రకారం రోజు మోతాదు: విటమిన్ సి 500 మిల్లీగ్రాములు, విటమిన్ ఇ 400 యూనిట్లు, లూటిన్ 10, జియాజాంథిన్ 2, జింక్ 80, రాగి 2 మిల్లీగ్రాములు. మధ్య దశ డ్రై ఏఎండీ ఉన్నవాళ్లు, లేదా ఒక కంట్లో జబ్బు ముదిరినవాళ్లు ఇది వాడితే జబ్బు ముదరడం అయిదేళ్లలో దాదాపు నాలుగో వంతు తగ్గింది. అంటే మీ నాన్నగారికి దీని ఉపయోగం ఎడమ కంటికి, కుడి కంటికి కాదు. కొనేముందు సీసా మీద ఈ అంకెలు సరిచూడండి, చాలా బ్రాండ్లలో లూటిన్ పేరు పెద్దక్షరాల్లో ఉండి మిగతావి నామమాత్రంగా ఉంటాయి. బీటా కెరోటిన్ ఉన్న పాత రకం కొనొద్దు. పొగ తాగేవాళ్లకి, తాగి మానేసినవాళ్లకి దాంతో ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు పెరుగుతుంది. జింక్ ఎక్కువ కాబట్టి కొందరికి కడుపులో తిప్పుతుంది, అన్నం తిన్నాక వేసుకోవాలి. ప్రోస్టేటు ఇబ్బంది, కిడ్నీలో రాళ్లు ఉన్నవాళ్లు డాక్టరుని అడిగే వాడాలి.

తిండిలో పాలకూర, తోటకూర, మునగాకు, గుడ్డు సొన, వారానికి రెండుసార్లు చేప మంచివి. ఆకుకూరలోని లూటిన్ ఒంటికి పట్టాలంటే కాస్త నూనె పడాలి, మన పప్పుకూర, వేపుడు పద్ధతి సరిపోతుంది. రక్తం పల్చబడే వార్ఫరిన్ మాత్ర వాడేవాళ్లు మాత్రం ఆకుకూరలు ఒక్కసారిగా పెంచకూడదు, అవి ఆ మాత్ర పనిని తగ్గిస్తాయి.

ఆకుపసరు చుక్కలు వద్దు. ఎవరు చెప్పినా వద్దు. పైన వేసిన పసరు రెటీనా దాకా వెళ్లదు. పైగా పసరులో ఉండే బూజు, సూక్ష్మక్రిములు నల్లగుడ్డు మీద పుండు చేస్తాయి. కొత్తగా ఇంజెక్షన్ వేసిన కంట్లో అది పడితే ఇంకా ప్రమాదం. కన్ను పూర్తిగా పోయేది అలాంటప్పుడే.

చూపు మొత్తం పోదు. ఈ జబ్బు ముదిరినా పోయేది నడిచూపే, పక్కచూపు నిలుస్తుంది. ఇంట్లో తిరగడం, స్నానం, భోజనం తనంతట తను చేసుకోగలుగుతారు. చదవడం, ముఖాలు గుర్తుపట్టడం కష్టమవుతుంది. ఇప్పుడు ఎడమ కన్ను బాగుంది కాబట్టి ఆ స్థితి రాలేదు. రెండు కళ్లూ దెబ్బతిన్నవాళ్లకి లో విజన్ సాయం ఉంటుంది: లైటున్న భూతద్దాలు, పేజీ మీద భుజం వెనక నుంచి పడే మంచి వెలుతురు, ఫోన్‌లో అక్షరాలు పెద్దవి చేయడం, తెర మీద ఉన్నది తెలుగులో చదివి వినిపించే టాక్‌బ్యాక్. హైదరాబాద్, విజయవాడల్లోని ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రిలో దీనికి ప్రత్యేక విభాగం ఉంది. ఇక చేయగలిగింది లేదు అని ఎవరైనా అంటే అది రెటీనాకి సంబంధించిన మాట మాత్రమే.

దీనికి సంబంధించి ఇంట్లోవాళ్లకి తెలియక కంగారుపడే సంగతి ఒకటుంది. నడిచూపు బాగా తగ్గినవాళ్లలో కొందరికి లేనివి కనిపిస్తాయి. ముగ్గుల్లాంటి గీతలు, పూలు, చిన్న పిల్లలు, మంచం పక్కన ఎవరో నిలబడ్డట్టు. శబ్దం ఉండదు, బొమ్మ మాత్రమే. దీన్ని చార్ల్స్ బోనెట్ సిండ్రోమ్ అంటారు. కంటి నుంచి సమాచారం తగ్గినప్పుడు మెదడు తనంతట తను బొమ్మలు తయారుచేసుకోవడం వల్ల ఇలా అవుతుంది. పిచ్చి కాదు, గాలీ ధూళీ కాదు. పెద్దవాళ్లు ఎవరేమనుకుంటారో అని లోపలే దాచుకుని కుమిలిపోతుంటారు. మీరే అడగండి, ఇది జబ్బులో భాగమని చెప్పండి. గది లైటు వేయడం, కళ్లు రెండు మూడు సార్లు గట్టిగా ఆర్పడం, చూపు పక్కకి తిప్పడం చేస్తే బొమ్మ పోతుంది. మాటలు కూడా వినిపిస్తుంటే, మనిషి తికమకపడుతుంటే అది వేరే సంగతి, డాక్టరుకి చూపించాలి.

ఎడమ కంటికి కాపలా మీరే. గళ్ల కాగితం మీద పది సెంటీమీటర్ల చదరం, అందులో అయిదు మిల్లీమీటర్ల గళ్లు, నడిమధ్య ఓ చుక్క. దీన్ని ఆమ్స్లర్ గ్రిడ్ అంటారు. ఆసుపత్రిలో ఇస్తారు, లేదంటే లెక్కల గ్రాఫ్ కాగితం మీద మీరే గీయొచ్చు. చదివే అద్దాలు పెట్టుకోవాలి, కాగితం ముప్ఫై సెంటీమీటర్ల దూరంలో పట్టుకోవాలి, కుడి కన్ను అరచేత్తో నొక్కకుండా మూయాలి, మధ్య చుక్కనే చూస్తూ చుట్టూ గీతలు గమనించాలి. ఏ గీతయినా అల పట్టినట్టు ఉన్నా, ఏ గడి అయినా మాయమైనా, మసకగా ఉన్నా రెండు మూడు రోజుల్లో డాక్టరు దగ్గర ఉండాలి. రోజూ పొద్దున పేపరు పట్టుకునే ముందు ఒక నిమిషం చాలు. రెండు కళ్లూ తెరిచి చూస్తే పనికిరాదు, మంచి కన్ను చెడ్డ కంటి లోపాన్ని కప్పేస్తుంది. మీ నాన్నగారి కుడి కంట్లో కూడా జబ్బు ఆయన చెప్పిన రెండు వారాల కంటే ముందే మొదలై ఉండొచ్చు. కాగితం కుదరని రోజు కిటికీ ఊచలు, బాత్రూం టైల్సు గీతలు చూసినా సరే.

ఇది చదువుతున్న మిగతావాళ్లకి ఒక మాట. గీతలు వంకరగా కనిపించిన ప్రతి కంటికీ ఇదే జబ్బు కాదు. షుగరున్నవాళ్లలో మాక్యులాకి నీరు పట్టడం దీనికంటే సాధారణం. ముప్ఫై యాభై ఏళ్ల మధ్య, ముఖ్యంగా స్టెరాయిడ్లు వాడేవాళ్లకి, సెంట్రల్ సీరస్ అనే జబ్బు వస్తుంది, అది చాలావరకు మూడు నాలుగు నెలల్లో దానంతటదే తగ్గుతుంది. మాక్యులాకి చిల్లు పడితే ఇంజెక్షన్ కాదు, ఆపరేషన్. కీళ్లవాతానికి హైడ్రాక్సీక్లోరోక్విన్ ఏళ్ల తరబడి వాడేవాళ్లు మోతాదు కిలో బరువుకి రోజుకి 5 మిల్లీగ్రాములు మించకుండా చూసుకోవాలి, అయిదేళ్లు దాటాక ఏటా మాక్యులా పరీక్ష చేయించుకోవాలి. కాబట్టి అద్దాలు మార్చి సరిపెట్టే ముందు ఓసీటీ అడగండి.

చివరిగా మీ గురించీ మీ తమ్ముడి గురించీ. తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే పిల్లలకి ముప్పు మామూలు కంటే కొన్ని రెట్లు ఎక్కువ, కానీ తప్పకుండా వస్తుందని కాదు. ఒకటో క్రోమోజోమ్ మీది సీఎఫ్‌హెచ్, పదో క్రోమోజోమ్ మీది ఏఆర్ఎంఎస్2 అనే జన్యువుల్లో తేడాలు దీనికి ముఖ్యమైన కారణాలు. సీఎఫ్‌హెచ్ సంగతి 2005లో బయటపడింది. డబ్బు పోసి జన్యు పరీక్ష చేయించుకోనక్కర్లేదు, దాని ఫలితం ఏదైనా మీరు చేయాల్సింది మారదు. నలభై దాటితే ఒకసారి కంటిపాప పెద్దది చేసి రెటీనా చూపించుకోండి, డ్రూసెన్ లేకపోతే రెండేళ్లకోసారి, యాభై దాటాక ఏటా. మీ తమ్ముడికి సిగరెట్ అలవాటుంటే ఈ ఉత్తరం ఆయనకీ చూపించండి. పరీక్ష రోజు చుక్కలు వేశాక నాలుగైదు గంటలు దగ్గర చూపు మసకగా, వెలుతురు చురుక్కుమనేలా ఉంటుంది. స్కూటర్ మీద కాకుండా బస్సులో వెళ్లండి, నల్లద్దాలు వెంట ఉంచుకోండి.